ఇంటి గాలిని బాగుచేసుకోవడం ఎలా: కుంపటి నుంచి మస్కిటో కాయిల్ దాకా

పలమనేరు వైపు మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజాము చలి ఎలా ఉంటుందో అక్కడ పుట్టిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. తిరుపతిలో పలచటి దుప్పటి చాలే రోజుల్లో అక్కడ కంబళి కావాలి. మా అక్క కాన్పయి బిడ్డతో పుట్టింటికి వచ్చింది సరిగ్గా ఆ నెలల్లోనే. అవ్వ తనకు తెలిసిన పద్ధతిలో అంతా సిద్ధం చేసింది. మంచం కింద బొగ్గుల కుంపటి, కిటికీ సందుల్లో పాతగుడ్డలు, తలుపు కింద గాలి రాకుండా గోనెపట్ట. తెల్లారేసరికి అక్కకు తల పగిలిపోయే నొప్పి, రెండుసార్లు వాంతి. బిడ్డ మందంగా పడుకుని ఉంది, పాలు తాగడం లేదు.

"పచ్చి ఒళ్ళు కదమ్మా, వేడి చేసుంటాది" అంది అవ్వ.

ఇద్దరినీ తెచ్చి వసారాలో కూర్చోబెట్టాం. కాసేపటికి బిడ్డ ఏడ్చి పాలు తాగింది, మధ్యాహ్నానికి అక్క తేరుకుంది. సాయంత్రం మళ్ళీ కుంపటి పెట్టారు, మళ్ళీ తలనొప్పి. మూడోరోజు బిడ్డను చూడ్డానికి వచ్చిన ఏఎన్ఎమ్ గదిలో అడుగుపెట్టగానే ముందు కిటికీ తీసింది, తర్వాతే మాట్లాడింది. ఆ కుంపటి నుంచి పొగ అన్నదే లేదు. బొగ్గు ఎర్రగా, అందంగా మండుతోంది. అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు.

ఇది అవ్వ తెలివితక్కువతనం కాదు. ఆమె కాన్పులన్నీ పెంకుటింట్లో జరిగాయి. పెంకుల సందుల్లోంచి, గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీలోంచి గాలి రాత్రంతా వస్తూ పోతూ ఉండేది. రాయలసీమ మట్టిమిద్దెలకు కప్పులో గవాచి ఉండేది, పొగ అందులోంచి పోయేది. అక్క పడుకున్నది స్లాబు ఇల్లు. అల్యూమినియం ఫ్రేము కిటికీలు, ఫ్లష్ డోరు. ఇల్లు మారింది, అలవాటు మాత్రం పాత ఇంటిదే. మన జిల్లాలో ఇంట్లో పొగవల్ల వచ్చే బాధల్లో చాలావాటికి మూలం ఇదేనని నా నమ్మకం. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి పనినీ రెండు ప్రశ్నలతో చూస్తాను. ఏం మండుతోంది? మండినది ఎటు పోతోంది?

మొదట మూడు రోజులు రాసుకోండి

ఏదైనా కొనేముందు, పగలగొట్టేముందు ఒక పాత నోట్‌బుక్ తీసుకుని మూడు రోజులు రాయండి. ఏం వెలిగించారు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ తలుపు, ఏ కిటికీ తెరిచి ఉంది, ఆ గదిలో ఎవరున్నారు. నాలుగు గళ్ళు చాలు.

రాస్తే ఆశ్చర్యం వేస్తుంది. పొద్దున అయిదింటికి అండాలో నీళ్ళు కాగడానికి మంట. ఆరింటికి కాఫీ, తర్వాత సంగటి, చట్నీకి ఎండుమిరపకాయల తాళింపు. పూజలో అగరొత్తులు, శుక్రవారం సాంబ్రాణి. పదింటికి పొడిచీపురుతో ఊడ్పు. సాయంత్రం ఆరు కాగానే కాయిల్, అది తెల్లారేదాకా. మధ్యలో దొడ్లో చెత్తకు నిప్పు, అందులో నాలుగు ప్లాస్టిక్ కవర్లు. ఒక్కొక్కటి చూస్తే చిన్న పనే, కానీ కలిపితే ఇంట్లో ఏదీ మండని గంట ఒక్కటీ మిగలదు.

నాలుగో గడి, అంటే 'ఎవరున్నారు' అన్నదే అన్నిటికంటే ముఖ్యం. ఎంత చిక్కటి పొగ అన్నదొకటే కాదు, ఎంతసేపు పీల్చారన్నదీ లెక్కే. వంటింట్లో రోజుకు నాలుగు గంటలుండే అమ్మ, ఆమె చంకలో ఉన్న పసిబిడ్డ, వంటింటి గడపలోనే మంచం వేసుకున్న తాత, వీళ్ళు ఎక్కువ పీలుస్తారు. అయిదేళ్ళలోపు పిల్లలకు ఇంటి పొగవల్ల న్యుమోనియా వచ్చే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ నోట్‌బుక్‌లో పిల్లల పేరు, గర్భిణి పేరు పడిన వరసల కింద గీత గీయండి. పని అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

గాలి దారి చూడండి

ఒక అగరొత్తి వెలిగించి చేత్తో పట్టుకోండి. పొయ్యి దగ్గర, కిటికీ దగ్గర, తలుపు కింద, కప్పు దగ్గర ఒక్కో నిమిషం నిలబడి పొగతీగ ఎటు వంగుతోందో గమనించండి. వంటింటి నుంచి అది పడగ్గది వైపు సాగుతుంటే, మీ వంటింటి పొగంతా రోజూ ఆ దారినే పోతోందన్నమాట. చాలా ఇళ్ళలో ఇదే జరుగుతుంది. వంటింటి కిటికీ గాలివాటుకు ఎదురుగా ఉంటే బయటిగాలి లోపలికి తోసి, పొగను హాల్లోకి నెడుతుంది. అలాంటప్పుడు కిటికీ తెరిచినందుకే మేలు జరిగిందనుకోకూడదు. వంట చేసేటప్పుడు హాలు వైపు తలుపు మూసి దొడ్డివైపు తలుపు తెరిస్తే, పైసా ఖర్చు లేకుండా సగం సమస్య తీరుతుంది.

ఇంకో పరీక్ష. జేబురుమాలంత తెల్లగుడ్డ రెండు ముక్కలు చేసి, ఒకటి పొయ్యికి రెండు బారల దూరంలో, ఇంకొకటి పడుకునే గదిలో తలగడ ఎత్తులో వేలాడదీయండి. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మా ఇంట్లో పడగ్గది గుడ్డ వంటింటి గుడ్డకు కాస్తే తక్కువగా, బూడిద రంగుకు వచ్చింది. మడత విప్పితే లోపలి గీతలు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. ఆ గుడ్డ చూశాకే మా నాయన గ్యాసు కనెక్షన్ విషయం ఇంకోసారి వాయిదా వెయ్యలేదు.

గుడ్డకు అంటిన మసి అయినా కంటికి కనిపిస్తుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే నలుసు 2.5 మైక్రాన్ల కంటే చిన్నది. తలవెంట్రుక మందంలో సుమారు ఇరవై అయిదో వంతు. ఘనమీటరు గాలిలో ఈ నలుసు 24 గంటల సగటున 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. బయటిగాలికి మన దేశం పెట్టుకున్న హద్దు 60. మూసిన వంటింట్లో కట్టెలు మండేటప్పుడు ఇది వందలు దాటి వేలల్లోకి పోతుంది.

కుంపటి: పొగ లేదని నమ్మకండి

బొగ్గు గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ప్రాణం తీసేది ఇదే కాబట్టి.

బొగ్గుకు చాలినంత గాలి అందితే బొగ్గుపులుసు వాయువు వస్తుంది. చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు, కాళ్ళలో సత్తువ లేకపోవడం. నిద్రలో ఉన్నవాళ్ళకు ఈ గుర్తులేవీ తెలియవు. కుంపటి మీద బూడిద పొర కట్టి నిప్పు నెమ్మదిగా, రాత్రంతా ఉండేలా చేస్తామే, ఆ నెమ్మది మంటలోనే ఈ వాయువు ఎక్కువ.

బొగ్గుతో ఇల్లు వెచ్చబెట్టుకునే దేశాల అనుభవం మనకు పనికొస్తుంది. చైనాలో యునాన్ రాష్ట్రంలోని షువాన్‌వే ప్రాంతంలో ఇంటి మధ్య గుంటలో రాక్షసిబొగ్గు మండించేవారు, పొగగొట్టం లేదు. అక్కడ సిగరెట్టు ముట్టని ఆడవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ విపరీతంగా వచ్చేది. పొగగొట్టం ఉన్న పొయ్యికి మారిన కుటుంబాల్లో ఆ క్యాన్సర్ బాగా తగ్గిందని 2002లో వెలువడిన అధ్యయనం చూపించింది. బొగ్గు మార్చలేదు, పొగకు దారి చూపించారు, అంతే. మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో ఇంకో పాఠం ఉంది. అక్కడ గుడారపు ఇళ్ళలో చలికాలమంతా బొగ్గు పొయ్యి మండుతుంది. 2019 మేలో ముడిబొగ్గును నిషేధించి, పొగ తక్కువ వచ్చే బొగ్గు ఇటికలు ఇచ్చారు. ఊరిమీద పొగ తగ్గింది. కానీ ఆ చలికాలం మొదట్లోనే ఇళ్ళలో కార్బన్ మోనాక్సైడ్‌తో జనం ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. మా అక్క గదిలో జరిగిందీ ఇదే. పొగ లేని నిప్పు అనుకుని నమ్మాం.

కాబట్టి మొదటి నియమంలో బేరం లేదు. మనుషులు పడుకునే గదిలో నిప్పుల కుంపటి ఉండకూడదు. 'కిటికీ కాస్త తెరిచాం' అన్నా వద్దు. రాత్రి చలికి ఎవరో ఒకరు లేచి మూసేస్తారు.

మరి బాలింతకు వెచ్చదనం ఎలా? అవ్వను ఒప్పించడానికి మేం చేసింది ఇది. పగలు నాలుగింటికి అక్కనూ బిడ్డనూ వేరే గదిలో ఉంచి, బాలింత గదిలో కుంపటి పెట్టాం, కిటికీ తెరిచే ఉంచాం. గంటన్నరకు గోడలు, మంచం, పరుపు వెచ్చబడ్డాయి. తర్వాత కుంపటి దొడ్లోకి మార్చి, తలుపు, కిటికీ పూర్తిగా తెరిచి పావుగంట గాలి ఆడనిచ్చాం. గాలి చల్లబడుతుంది కానీ గోడలోని వేడి పోదు. అప్పుడు తలుపు దగ్గరగా వేసి ఇద్దరినీ లోపలికి తెచ్చాం. అవ్వ గోడకు అరచెయ్యి ఆనించి చూసుకుని, "వెచ్చగానే ఉండాది" అంది. ఆ మాటతో మా ఇంట్లో గొడవ తీరిపోయింది.

బిడ్డకు అన్నిటికంటే మంచి వెచ్చదనం తల్లి ఒళ్ళే. బిడ్డను తల్లి రొమ్ముకు ఒళ్ళు తగిలేలా ఆనించి, పైన దుప్పటి కప్పి, తలకు టోపీ పెట్టడాన్ని డాక్టర్లు కంగారూ పద్ధతి అంటారు. పరుపును వేడినీళ్ళ రబ్బరు సంచితో ముందుగా వెచ్చచేసి, బిడ్డను పడుకోబెట్టేముందు తీసెయ్యాలి. కరెంటు హీటరు అయితే ఆయిల్ నింపిన రకం మేలు. మంచానికి కనీసం మూడడుగుల దూరం, మీద గుడ్డలు ఆరెయ్యకూడదు.

సాంబ్రాణి సంగతి. తలస్నానం చేయించి బిడ్డకు సాంబ్రాణి పట్టడం మన ఇళ్ళలో ముద్దుగా జరిగే పని. దాన్ని మానమంటే పెద్దవాళ్ళ మనసు కష్టపడుతుందని నాకు తెలుసు. కానీ ఆ పొగలో ఉన్నదీ అదే సన్నటి నలుసు, కింద ఉన్నదీ అదే బొగ్గు. పుట్టిన పది రోజుల ఊపిరికి అది భరించలేని భారం. మెత్తటి తువ్వాలుతో తల తుడిచి, ఎండ పొడకు కూర్చుంటే జుట్టు అదే ఆరుతుంది. సాంబ్రాణి వాసన కావాలంటే వసారాలో వెయ్యండి, బిడ్డను తీసుకెళ్ళకండి.

కట్టెలు మానలేకపోతే, కట్టెల సంగతి తెలుసుకోండి

పల్లెల్లో కట్టెల పొయ్యి ఒక్కరోజులో పోదు. మామిడితోట కొట్టిన కొమ్మలు, టెంకాయ మట్టలు, చెనిక్కాయల పొట్టు, కంప, ఇవన్నీ డబ్బు పెట్టకుండా వచ్చేవి. సరే, అయితే వాటిని పొగ తక్కువగా మండించడం నేర్చుకోవాలి. ఒక మాట గుర్తుంటే మిగతావన్నీ వాటంతట అవే తెలుస్తాయి. పొగ అంటే మండకుండా పోయిన కట్టె. పొగ ఎంత పోతే మీ కట్టె అంత వృథా.

పచ్చికొమ్మలో బరువులో సగం దాకా నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా మంట వేడెక్కదు, వేడెక్కని మంట పొగే కక్కుతుంది. కట్టె ఆరిందా లేదా చూడడం తేలిక. చివర్లలో నక్షత్రంలా పగుళ్ళు వస్తాయి, బెరడు గోరుతో లేస్తుంది. రెండు కట్టెలు కొడితే ఠంగుమంటుంది. పచ్చిదైతే మొద్దుగా చప్పుడవుతుంది, పొయ్యిలో పెట్టాక చివరన బుసబుసమని నురగ తేలుతుంది. నురగ కనిపించిన కట్టెను వెంటనే బయటికి లాగండి.

ఎండాకాలంలో చీల్చి పెట్టుకోండి. దుంగగా ఉంటే ఏడాదైనా ఆరదు, మణికట్టు మందానికి చీలిస్తే మన ఎండకు రెండు మూడు నెలలు చాలు. నేలమీద కాకుండా రెండు రాళ్ళమీద, గాలి ఆడేలా అడ్డంగా నిలువుగా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పండి. చుట్టూ టార్పాలిన్ చుట్టేస్తే లోపల చెమ్మ నిలుస్తుంది. అక్టోబరు, నవంబరు వానలకు ముందే రెండు నెలలకు సరిపడా ఇంటి చూరు కిందికి చేర్చుకోవాలి. తడికట్టెతో వండే నవంబరు నెలే మన జిల్లా వంటిళ్ళలో చాలా చెడ్డనెల.

పొయ్యి నిండా కూరకండి. చివర్లు మాత్రమే మండాలి, కాలేకొద్దీ లోపలికి జరుపుతూ పోవాలి. పొయ్యి అడుగున ఇనుపకమ్మీల జాలీ ఒకటి పెడితే కింది నుంచి గాలి అంది మంట ఎత్తుకుంటుంది. ఊదుగొట్టంతో ముఖం పెట్టి ఊదే పని తగ్గుతుంది. వంట అయ్యాక కొరకంచులను పొయ్యిలో అలాగే వదిలేయడం అందరం చేసే తప్పు. వంట అయిపోయిన గంట తర్వాత కూడా ఇంట్లో పొగ వాసన ఉందంటే అవే కారణం. బయటికి తెచ్చి ఇసుకలో గుచ్చి ఆర్పండి.

అంటించడానికి టెంకాయ పీచు, ఎండు కొబ్బరాకు, మొక్కజొన్న బెండు బాగుంటాయి. ప్లాస్టిక్ కవరు, కిరోసిన్ గుడ్డ, పాత ఫర్నిచర్ ప్లైవుడ్, రంగువేసిన తలుపుచెక్క పొయ్యిలో పెట్టకూడదు. ఆ పొగ కట్టెపొగకంటే వేరే రకం విషం.

పొగగొట్టం, కిటికీ, ఫ్యాను

1980లలో ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం పెట్టి దేశమంతా కట్టించింది. మన ఊళ్ళలోనూ చాలా ఇళ్ళలో ఆ సిమెంటు గొట్టాలు కనిపించేవి. చాలామటుకు మసి పట్టి మూసుకుపోయి, తుడిచేవాళ్ళు లేక మూలన పడ్డాయి. పద్ధతి మంచిదే, చూసుకునేవాళ్ళు లేకపోయారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌వాళ్ళ 'ఆస్త్ర ఒలె' అన్న మూడుకళ్ళ పొయ్యి కూడా ఇదే సూత్రంతో తయారైంది. మూసిన పొయ్యి, కింద జాలీ, వెనక పొగగొట్టం.

మీరు గొట్టం పెట్టించుకుంటే నాలుగంగుళాల జీఐ పైపు, వీలైనంత నిలువుగా, వంపులు తక్కువగా ఉండాలి. కప్పు దాటి కనీసం మూడడుగులు లేవాలి, పక్కన ఎత్తయిన గోడ ఉంటే దానికంటే పైకి పోవాలి. లేకపోతే గాలి తోసి పొగ వెనక్కి దిగుతుంది. పైన వానకు టోపీ, చూరు లేదా వాసాలు తగిలేచోట చేతెడు ఖాళీ. కింద ఒక మూతపెట్టిన తలుపు ఉంచుకుంటే నెలకోసారి మసి దులపొచ్చు. మసి పేరుకున్న గొట్టం పొగను ఇంట్లోకే పంపుతుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. అమావాస్య నాడు అని పెట్టుకోండి, మరిచిపోరు.

పొయ్యిని దిమ్మె ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. నిలబడి వండితే నడుముకు సుఖమే. కానీ వేడిపొగ కప్పుకింద చేరి పొరలా కిందికి దిగుతుంది. కూర్చుని వండినప్పుడు ముఖం ఆ పొరకు కింద ఉండేది, నిలబడితే దాని మధ్యలో ఉంటుంది. దిమ్మె కట్టించితే పైన గొట్టమో, ఫ్యానో తప్పనిసరి.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఎంతది కావాలో లెక్క చూసుకోవచ్చు. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న వంటింట్లో సుమారు 16 ఘనమీటర్ల గాలి ఉంటుంది. గంటకు పదిహేనుసార్లు మారాలంటే 240 ఘనమీటర్లు. ఫ్యాను డబ్బా మీద గంటకు ఎంత గాలి తోస్తుందో రాసి ఉంటుంది, మసి పట్టాక తగ్గుతుంది కాబట్టి దీనికి రెట్టింపు ఉన్నది తీసుకోండి. పొయ్యికి పైన, పొయ్యివైపు గోడకే బిగించండి. దాని పక్కనే కిటికీ తెరిస్తే ఆ కిటికీ గాలినే లాగి పారేస్తుంది, పొయ్యి దగ్గర పొగ కదలదు. గాలి రావాల్సింది ఎదుటి గోడ కింది నుంచి.

మంట అక్కర్లేని పనులను ముందు పొయ్యి నుంచి తప్పించండి

అన్నిటికంటే తేలికగా పొయ్యి నుంచి తప్పించగల పని నీళ్ళు కాగబెట్టడం. తెల్లారి గంటసేపు మండే ఆ మంటను మిద్దెమీద సోలార్ హీటరు పూర్తిగా మాన్పిస్తుంది. నలుగురున్న ఇంటికి వంద లీటర్లది చాలు. అది కుదరకపోతే నల్లరంగు వేసిన డ్రమ్ము ఎండలో పెట్టి సాయంత్రం స్నానాలు చేయండి. మన ఎండ మనకు బరువే అనుకుంటాం, కానీ తిరుమలలో 2002లోనే సౌరశక్తితో ఆవిరి పుట్టించి వేలమందికి అన్నప్రసాదం వండడం మొదలుపెట్టారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని బైసానివారిపల్లె అయితే ఇంటింటికీ డిష్ ఆకారపు సోలార్ కుక్కర్లతో పొగలేని ఊరుగా పేరు తెచ్చుకుంది.

గ్యాసు విషయంలో నాదొక గట్టి అభిప్రాయం. కనెక్షన్ తీసుకుని కట్టెల పొయ్యీ కొనసాగిస్తే లాభం కొంచెమే. పక్కనున్న తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. గ్యాసు ఉచితంగా ఇచ్చి, దానితోనే వండేలా చూశారు. వాళ్ళు పీల్చిన సన్నని నలుసు కట్టెలు వాడినవాళ్ళతో పోలిస్తే మూడో వంతుకు, 70 నుంచి 24 మైక్రోగ్రాములకు, తగ్గింది. పుట్టిన పిల్లల బరువులో మాత్రం తేడా రాలేదని 2022లో ఆ పరిశోధకులే రాశారు. గ్యాసు సర్వరోగ నివారిణి అని నేను చెప్పను. కానీ రోజూ పీల్చే పొగ మూడింట రెండొంతులు తగ్గించే మార్గం ఇంకేదీ ఇంత సులువుగా లేదు.

2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో దీపం పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అవి చాలవు, అందుకే ఏ వంటకు వాడాలో నిర్ణయించుకోవాలి. పిల్లలు ఇంట్లో ఉండే పొద్దుటి, సాయంత్రపు వంటలు గ్యాసు మీద. పశువుల దాణా, చెనిక్కాయలు ఉడకబెట్టడం లాంటివి దొడ్లో చెట్టుకింద కట్టెలతో. పప్పు రెండు గంటలు నానబెట్టి కుక్కర్లో పెడితే సిలిండరు ఇంకొన్నాళ్ళు వస్తుంది. మంట నీలంగా ఉండాలి. పసుపు కనిపిస్తే బర్నరు కన్నాలు పిన్నుతో తీయండి. గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలమీద పేరుకుంటుంది, కాబట్టి వంటింటి గడప దగ్గర కింది సందు మూయకండి. వాసన వస్తే స్విచ్చి ముట్టకుండా తలుపులు తెరిచి 1906కు ఫోన్ చేయాలి.

తాళింపు ఘాటుకు ఇల్లంతా దగ్గుతుంది కదా, అది మిరపకాయ ఒక్కటే కాదు, మాడుతున్న నూనె కూడా. నూనె పొగ చూపకముందే ఆవాలు వేసి మూత పెట్టండి. ఫ్యాను వంటకు ముందే వేసి, అయ్యాక పది నిమిషాలు తిరగనివ్వండి.

దోమల చక్రం

రాత్రంతా మండే ఒక్క కాయిల్ నుంచి వచ్చే సన్నని నలుసు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. మూసిన గదిలో పిల్లల పక్కన సిగరెట్టు వెలిగిస్తే ఊరుకోని ఇల్లాలే కాయిల్ మాత్రం మంచం కాళ్ళ దగ్గర పెడుతుంది. తెలియకే కదా.

దోమతెర వాడండి, అంచులు పరుపు కిందికి దోపండి. కిటికీలకు జాలీ వేసి నెలకోసారి తడిగుడ్డతో తుడవండి, దుమ్ము పట్టిన జాలీ గాలిని ఆపేస్తుంది. కాయిల్ మానలేమంటే, చీకటిపడేటప్పుడు ఖాళీ గదిలో గంట వెలిగించి, ఆర్పి, కిటికీ తెరిచి గాలి మారాక లోపలికి పోండి. ప్లగ్గులో పెట్టే లిక్విడ్‌కు పొగ లేదు, మందు మాత్రం గాలిలోనే ఉంటుంది. మూసిన గదిలో అదీ మంచిది కాదు.

ఊడ్చేటప్పుడు నీళ్ళు చిలకరించండి లేదా తడిగుడ్డ పెట్టండి. బాత్రూములో గ్యాసు గీజరు ఉన్నవాళ్ళు ఈ వ్యాసం చదివిన రోజే దాన్ని బయటిగోడకు మార్పించండి. చిన్నగది, మూసిన తలుపు, లోపల మంట. కుంపటి గురించి చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది.

మళ్ళీ కొలవండి, మనుషుల్నీ చూడండి

నెల తర్వాత కొత్త తెల్లగుడ్డలు అవే చోట్ల కట్టి పాతవాటి పక్కన పెట్టి చూడండి. డబ్బు కుదిరితే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడుకునే గదిలో తల ఎత్తులో పెట్టండి. బొగ్గుల ఇస్త్రీ చేసేవాళ్ళు, ఇంట్లోనే చిన్న హోటల్ నడిపేవాళ్ళు తప్పకుండా కొనాలి.

ఏళ్ళ తరబడి పొయ్యి ముందు కూర్చున్న అమ్మకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే వయసని వదిలేయకండి. మూడు నెలలుగా పొద్దున్నే కళ్ళె పడుతుంటే స్పైరోమెట్రీ అనే ఊదించే పరీక్ష చేయించండి. తిరుపతిలో రుయాలో, స్విమ్స్‌లో ఊపిరితిత్తుల డాక్టర్లున్నారు. వాళ్ళు సిగరెట్టు గురించి తప్పక అడుగుతారు. అడగకపోయినా, ఎన్నేళ్ళు కట్టెలతో వండిందో మీరే చెప్పండి.

ఇక కుంపటి గదిలో, గీజరు బాత్రూములో ఎవరైనా మత్తుగా, తలనొప్పితో, వాంతులతో కనిపిస్తే ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి వాళ్ళను బయటిగాలికి తీసుకురండి. ఆ తర్వాతే నిప్పు సంగతి. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే అనుమానం అక్కర్లేదు, అది కార్బన్ మోనాక్సైడే. 108కి ఫోన్ చేయండి. మామూలు గాలిలో ఈ విషం రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర. కాబట్టి తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, గర్భిణి అయితే ఇంకా తప్పదు, కడుపులో బిడ్డకు ఆలస్యంగా వదులుతుంది. వేలికి తగిలించే ఆక్సీమీటరు 98 చూపించినా నమ్మకండి. అది ప్రాణవాయువుకూ ఈ విషవాయువుకూ తేడా గుర్తుపట్టదు. డాక్టరు ఎదుట మీరు చెప్పాల్సిన మొదటి మాట, "మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారు సార్." ఆ ఒక్కమాటతో వాళ్ళు చేయాల్సిన రక్తపరీక్ష ఏదో వాళ్ళకు తెలుస్తుంది.